సాగరమథనంలో హనుమంతుడికేం పని?

కంబోడియాలోని అంకోర్‌వాట్ ఆలయం, తూర్పు గ్యాలరీ. దక్షిణ భాగంలో గోడ మీద దాదాపు 50 మీటర్ల పొడవున క్షీరసాగర మథనం చెక్కి ఉంటుంది. మధ్యలో విష్ణువు, కింద కూర్మం, ఒకవైపు అసురులు, ఇంకోవైపు దేవతలు, అందరి చేతుల్లో వాసుకి, పైన గాల్లో అప్సరసలు. తెలుగు టూర్ బృందం ఏదైనా అక్కడికి చేరిందంటే గైడు నోరు విప్పకముందే సగంమంది కథ చెప్పేస్తారు. హాలాహలం ఎవరు మింగారో పిల్లల్ని అడుగుతారు, ఫొటోలు దిగుతారు, ఐదు నిమిషాల్లో ముందుకు కదిలిపోతారు. దేవతల వరుస చివర వాసుకి తోక పట్టుకుని నిలబడ్డది మాత్రం ఒక వానరం. ఆయన అక్కడికెలా వచ్చాడని అడిగేవాళ్లు అరుదు.

భారతంలో గానీ భాగవతంలో గానీ సాగరమథనం ఘట్టంలో వానరానికి పాత్ర లేదు. ఆ మూర్తి హనుమంతుడిదేనని చాలామంది పండితుల మాట. సుగ్రీవుడన్నవాళ్లూ ఉన్నారు. ఎవరైతేనేం, 12వ శతాబ్దంలో ఆ గోడ చెక్కిన ఖ్మేర్ శిల్పికి తెలిసిన కథ మన అమ్మమ్మలు చెప్పిన కథ కాదన్నమాట. కథ మనకు తెలుసన్న ధీమాతో నడిచేవాళ్ల కంటికి ఆ తేడా ఆనదు.

కొత్త దేశానికి వెళ్లేముందు దాని చరిత్ర, సంస్కృతి కాస్త చదువుకోవాలన్న సలహా పాతదే. బొత్తిగా తెలియని చోట్లకు వెళ్లేటప్పుడు మనవాళ్లు ఆ సలహా ఎంతో కొంత పాటిస్తారు కూడా. జపాన్ అనగానే చెప్పులు ఎక్కడ విడవాలో, రైల్లో గట్టిగా మాట్లాడొచ్చో లేదో వీడియోలు చూసి తెలుసుకుంటారు. కంబోడియా దగ్గరికొచ్చేసరికి ఆ జాగ్రత్త ఎగిరిపోతుంది. రాముడున్నాడు, కృష్ణుడున్నాడు, గోడల మీద సంస్కృత శాసనాలున్నాయి, ఇంక చదవాల్సిందేముంది? చుట్టాలింటికి వెళ్లినట్టు వెళ్లి, వాళ్ల సంగతులు ఒక్కటీ అడక్కుండా మన గొప్ప మనమే చెప్పుకుని వచ్చేస్తాం. చదువుకుని వెళ్లాల్సిన అవసరం తెలియని దేశాలకన్నా తెలిసినట్టు కనిపించే దేశాల విషయంలోనే ఎక్కువ.

వాట్సాప్‌లో తిరిగే ఫార్వర్డు ఒకటుంది. ప్రపంచంలోకెల్లా పెద్ద హిందూ ఆలయం కంబోడియాలో ఉంది, తర్వాత దాన్ని బౌద్ధులు తీసేసుకున్నారు, ఇంతే దాని సారాంశం. మొదటి ముక్కలో నిజం లేకపోలేదు. 1113లో గద్దెనెక్కిన రెండో సూర్యవర్మ విష్ణువు కోసమే ఆ ఆలయం కట్టించాడు. రెండో ముక్కే ఇబ్బంది. బయటినుంచి ఎవరో వచ్చి లాక్కున్నట్టు అర్థమొస్తుంది గానీ జరిగింది అది కాదు. అదే రాజ్యంలో, అదే ప్రజలు, రాజులతోపాటు మతమూ మార్చుకుంటూ వచ్చారు. 1181లో రాజైన ఏడో జయవర్మ మహాయాన బౌద్ధుడు. బాయోన్ ఆలయంలో చిరునవ్వుతో కనిపించే పెద్ద పెద్ద రాతి ముఖాలు ఆయన హయాంలోవే. ఆయన తర్వాత 13వ శతాబ్దంలో వెనక్కి తిప్పే ప్రయత్నమూ జరిగింది. చాలా ఆలయాల్లో గోడల మీది బుద్ధుడి బొమ్మల్ని ఉలితో చెక్కేశారు. ఎనిమిదో జయవర్మ కాలంలో ఆ పని జరిగిందని చరిత్రకారులు అంటారు. ప్రేహ్ ఖాన్ ఆలయంలో ఖాళీగా మిగిలిన గూళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి. ఆపైన థేరవాద బౌద్ధం వచ్చి నిలిచిపోయింది. ఇందులో ఎవరు ఎవరిది లాక్కున్నారో తేల్చడం ఫార్వర్డు పంపినంత సులువు కాదు.

ఆలయం ఈనాటికీ నడుస్తున్న ఆలయమే. పడమటి గోపురంలో ఎనిమిది చేతుల నిలువెత్తు విష్ణు విగ్రహం ఉంది. స్థానికులు తా రీచ్ అని పిలుచుకుంటారు, ఊరిని కాచే శక్తిగా కొలుస్తారు. పట్టు వస్త్రం చుట్టి, తామరపూలు పెట్టి, అగరొత్తులు వెలిగించి మొక్కుకునేవాళ్లంతా బౌద్ధులే. అక్కడ నిలబడి ‘మన దేవుణ్ణి వీళ్లకు అప్పగించేశాం’ అని నిట్టూర్చే బదులు, వాళ్లెలా మొక్కుతున్నారో ఓ నిమిషం చూడొచ్చు. చేతులు జోడించడంలోనే వాళ్లకు అంతరాలున్నాయి. తోటివారికి ఛాతీ దగ్గర, పెద్దవారికి ఇంకాస్త పైన, తల్లిదండ్రులకు, గురువులకు ముక్కు దాకా, భిక్షువులకు, రాజుకు కనుబొమల దాకా. హోటల్ కుర్రాడికీ భిక్షువుకీ ఒకే నమస్కారం పెట్టే విదేశీయుణ్ణి వాళ్లు ఏమీ అనరు, నవ్వి ఊరుకుంటారు.

ఇక ఆ కథలు ‘మన దగ్గర్నుంచి వెళ్లినవి’ అన్న మాట. ఆ వెళ్లడం ఎప్పటిదో చూస్తే మాటలో కాస్త వినయం వస్తుంది. కంబోడియా ఉత్తరాన వీల్ కాంటెల్‌లో దొరికిన శాసనం దాదాపు క్రీ.శ. 600 నాటిది. సోమశర్మ అనే బ్రాహ్మణుడు రామాయణం, పురాణం, సంపూర్ణ భారతం ఆలయానికి సమర్పించి, రోజూ పారాయణం జరిగేలా ఏర్పాటు చేశాడని అందులో ఉంది. రాజమహేంద్రవరంలో నన్నయ భారతాన్ని తెనిగించడానికి కూర్చున్నది 11వ శతాబ్దంలో. అంటే వ్యాసుడి కథ తెలుగు కావ్యం కావడానికి నాలుగు శతాబ్దాల ముందే మెకాంగ్ నది ఒడ్డున నిత్య పారాయణంలో ఉంది. అంతకాలం ఒకచోట బతికిన కథ ఆ నేల మాట మాట్లాడకుండా ఉంటుందా? ఖ్మేర్ రామాయణం రీమ్‌కేర్‌లో హనుమంతుడు బ్రహ్మచారి కాడు. లంకకు వారధి కట్టే వేళ అడ్డం వచ్చిన మత్స్యకన్యను ప్రేమిస్తాడు. మన భక్తులు ఈ ముక్క విని కంగారు పడకుండా ఉండాలంటే విమానం ఎక్కకముందే వినడం మేలు.

అంకోర్‌వాట్ పడమటి గ్యాలరీలో కురుక్షేత్రం ఉంది, అంపశయ్య మీద భీష్ముడితో సహా. ఆ మూల తిరిగితే దక్షిణ గ్యాలరీలో సూర్యవర్మ సైన్యమే కవాతు చేస్తూ కనిపిస్తుంది. గొడుగుల కింద రాజు, ఏనుగుల మీద సేనానులు. పురాణ యుద్ధాల సరసన బతికున్న రాజును ఇంత దర్జాగా చెక్కించుకోవడం వెనుక రాజకీయం ఉంది. సైన్యంలో ఒక దళం మాత్రం వరుస తప్పి, వేరే వేషధారణతో, పక్కచూపులు చూస్తూ నడుస్తుంటుంది. వాళ్లు సయామ్ యోధులని అక్కడ చెక్కిన అక్షరాలే చెబుతాయి. ఈనాటి థాయ్‌లాండ్, కంబోడియాల తగవు తెలిసినవాళ్లు ఆ దళం ముందు ఆగకుండా పోలేరు.

బాయోన్ గోడలు ఇంకో లోకం. పైన పొరుగు రాజ్యపు చాములతో పడవల యుద్ధం, కింద ఊరి బతుకు. కోడిపందెం కాస్తున్నవాళ్లు, చేపలు అమ్ముతున్న ఆడవాళ్లు, ప్రసవిస్తున్న స్త్రీ. గోదావరి జిల్లాల వాళ్లకు ఆ కోడిపందెం బొమ్మ చూపిస్తే గైడుకు ఇంక పని ఉండదు. ఇంచుమించు ఆ కాలంలోనే, 1213లో, మన దగ్గర రామప్ప గుడి పూర్తయింది. రెంటినీ చూసినవాళ్లు పోల్చుకోవడానికి బోలెడంత ఉంది.

ఆ గోడలకు తోడుగా చదవాల్సిన పుస్తకం ఒకటుంది. 1296లో చైనా యువాన్ చక్రవర్తి పంపిన రాయబార బృందంతో ఝౌ దాగ్వాన్ అనే ఉద్యోగి అంకోర్ వచ్చాడు. దాదాపు ఏడాది ఉన్నాడు. వెనక్కి వెళ్లి చూసిందంతా రాశాడు. మార్కోపోలో మోటుపల్లి గురించి, కాకతీయ రాణి గురించి చెప్పిన కాలమూ అదే. కాకపోతే ఝౌ కంటికి వీధి బాగా ఆనుతుంది. సంతలో వ్యాపారమంతా ఆడవాళ్లదేనని, దుకాణాలు లేవని, నేల మీద చాపలు పరుచుకుని అమ్ముతారని, సంత పొద్దున్నే మొదలై మధ్యాహ్నానికల్లా ముగిసిపోతుందని, జనం రోజుకు చాలాసార్లు చెరువులో మునుగుతారని రాస్తాడు. పసుపు బట్టల భిక్షువుల్ని, బానిసల్ని, బంగారు ఖడ్గం పట్టుకుని కిటికీలో దర్శనమిచ్చే రాజుని వర్ణిస్తాడు. నచ్చనివాటిని దాచడు, కొన్నిచోట్ల విన్నదీ కన్నదీ కలిపేస్తాడు. అయినా రాజధాని సందడి మీద ఉన్న రోజుల్లో కళ్లారా చూసి రాసిన వర్ణన మనకు దక్కింది అదొక్కటే. ఇంగ్లిష్ అనువాదం సన్నటి పుస్తకం, ప్రయాణంలోనే అయిపోతుంది. అది చదివి బాయోన్ ముందు నిలబడితే చేపలమ్మే ఆవిడ రాతిబొమ్మలా అనిపించదు.

ఇంత శ్రమెందుకు, గైడు ఉన్నాడుగా అనేవాళ్లుంటారు. గైడు ఉంటాడు. తెలివైనవాడై ఉంటాడు కూడా. బృందం ఎక్కడిదో చూసి చెప్పే సంగతులు ఎంచుకుంటాడు. భారతీయులొస్తే రామాయణం, భారతం, సాగరమథనం. అమెరికన్లొస్తే టా ప్రోమ్‌లో రాళ్లను చుట్టేసిన చెట్ల వేళ్లు, అక్కడ తీసిన హాలీవుడ్ సినిమా. ఫ్రెంచివాళ్లొస్తే 1860లో వచ్చిన ఆన్రీ మువో. ఆయన ‘కనిపెట్టాడు’ అనే ఆలయంలో అప్పటికీ భిక్షువులున్నారు. 1632లోనే ఒక జపాన్ యాత్రికుడు స్తంభం మీద తన రాక గురించి రాసి వెళ్లాడు. గైడుది తప్పేం లేదు, అడిగిందే వడ్డిస్తాడు. అడగడానికి మన దగ్గర ప్రశ్న ఉండాలి.

కొన్ని ప్రశ్నలు అడక్కుండా ఉండటానికీ చదువు కావాలి. కంబోడియాలో ఇప్పుడు యాభై దాటిన మనిషి ఎదురైతే మనసులో ఒక లెక్క వేసుకోవాలి. 1975 ఏప్రిల్ 17న ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు తిరుగుబాటు సేనలు రాజధాని నామ్ పెన్‌లోకి వచ్చాయి. ఆసుపత్రుల్లోని రోగుల్ని కూడా వదలకుండా నగరాన్ని ఖాళీ చేయించాయి. డబ్బు రద్దు, సంతలు రద్దు, బడులు రద్దు, మతం రద్దు. భిక్షువుల చేత కాషాయం విప్పించి పొలాల్లోకి తోలారు. 1979 జనవరి 7న వియత్నాం సేనలు నగరాన్ని పట్టుకునేదాకా, మూడేళ్ల ఎనిమిది నెలల ఇరవై రోజుల్లో, ఆకలితో, రోగాలతో, వెట్టితో, చిత్రహింసలతో 15 నుంచి 20 లక్షలమంది చనిపోయారని అంచనా. దేశ జనాభాలో సుమారు నాలుగోవంతు. ఆ పెద్దాయన అప్పుడు చంటిపిల్లాడో, బడికెళ్లే పిల్లాడో. ‘మీ ఇంట్లో కూడా ఎవరైనా పోయారా?’ అని టుక్‌టుక్‌లో కాలక్షేపానికి అడగాల్సిన మాట కాదది.

చాలా ప్యాకేజీల్లో నామ్ పెన్‌లోని తువోల్ స్లెంగ్‌కు ఓ గంట, గంటన్నర కేటాయిస్తారు. అంతకుముందు అది ఉన్నత పాఠశాల. తరగతి గదుల్ని ఇటుక గోడలతో మనిషి పట్టేంత కొట్లుగా విడగొట్టి జైలు చేశారు. అక్కడికి తెచ్చిన 12 వేలకు పైగా మనుషుల్లో బతికి బయటపడ్డవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. లోపల నవ్వే ముఖం మీద అడ్డగీత గీసిన బోర్డులున్నాయి. ఆ బోర్డు పెట్టాల్సి వచ్చిందంటేనే సందర్శకులు ఎలా వస్తున్నారో ఊహించుకోవచ్చు. ఆ జైలు నడిపిన డచ్ అనే వ్యక్తి ఒకప్పుడు లెక్కల మాస్టారు. ఐక్యరాజ్యసమితి సాయంతో ఏర్పాటైన ప్రత్యేక న్యాయస్థానం అతనికి 2010లో శిక్ష వేసింది, 2012లో దాన్ని యావజ్జీవం చేశారు. ఇదేమీ తెలియకుండా వెళ్తే వరుసగా పేర్చిన ఫొటోలు కనిపిస్తాయి. కాస్త తెలిసి వెళ్తే చంపినవాళ్లూ చచ్చినవాళ్లూ ఒకే భాష, ఒకే మతం, చాలాసార్లు ఒకే ఊరివాళ్లని అర్థమవుతుంది. చదివే ఓపిక లేకపోతే రితీ పాన్ తీసిన ‘ద మిస్సింగ్ పిక్చర్’ చూడొచ్చు. ఆ కాలపు దృశ్యాలు ప్రచార చిత్రాల్లో తప్ప మిగల్లేదు కాబట్టి మట్టిబొమ్మలతో తన బాల్యాన్ని తీశాడు. లుంగ్ ఉంగ్ రాసిన ‘ఫస్ట్ దే కిల్డ్ మై ఫాదర్’ అయిదేళ్ల పిల్ల కళ్లతో చెప్పిన ఆత్మకథ. సినిమాగా కూడా వచ్చింది.

ఈ చరిత్రలో భారతదేశానికి గట్టి పాత్రే ఉంది, గొప్పలు చెప్పుకోవాలనుకుంటే ఇక్కడ చెప్పుకోవచ్చు. ఖ్మేర్ రూజ్ కూలిపోయాక కూడా ఐక్యరాజ్యసమితిలో కంబోడియా కుర్చీ వాళ్ల పక్షం చేతిలోనే ఏళ్ల తరబడి ఉండిపోయింది. చైనా, అమెరికా, పొరుగున ఉన్న థాయ్‌లాండ్ అటే మొగ్గాయి. 1980లో ఇందిరాగాంధీ ప్రభుత్వం నామ్ పెన్‌లోని కొత్త ప్రభుత్వాన్ని గుర్తించింది. ఆ స్నేహంతోనే 1986 నుంచి 1993 దాకా భారత పురావస్తు సర్వే శాఖ అంకోర్‌వాట్‌లో మరమ్మతులు చేసింది. చుట్టుపక్కల అడవుల్లో ఇంకా గెరిల్లాలున్నారు, మందుపాతరలున్నాయి. రాళ్లను రసాయనాలతో కడిగిన తీరు మీద విదేశీ నిపుణులు గట్టిగా విమర్శించారు, అందులో కొంత న్యాయం ఉంది. కానీ ఆ రోజుల్లో ఆ పనికి ముందుకొచ్చినవాళ్లే తక్కువ. ఇప్పటికీ టా ప్రోమ్‌లో మన శాఖ పనిచేసిన గుర్తులున్నాయి, బోర్డులున్నాయి. వేల ఏళ్ల నాటి ‘హిందూ సామ్రాజ్యం’ గురించి ఉపన్యసించే మన యాత్రికులకు నలభై ఏళ్ల కిందటి ఈ సంగతి తెలియకపోవడం విచిత్రం.

థాయ్‌లాండ్, కంబోడియా కలిపి ఒకే ట్రిప్పులో చుట్టేసే అలవాటు మనవాళ్లకుంది. బ్యాంకాక్‌లో కొన్న ఏనుగు బొమ్మల టీషర్టు వేసుకుని అంకోర్‌వాట్ దగ్గరి సియెమ్ రీప్‌లో దిగి, రెండూ ఒకేలా ఉన్నాయంటారు. ఒకేలా ఉండటమే అక్కడ పెద్ద తగవు. అంకోర్ థాయ్‌లాండ్‌దేనని ఒక థాయ్ నటి అన్నదన్న పుకారు లేచి 2003 జనవరిలో నామ్ పెన్‌లోని థాయ్ రాయబార కార్యాలయాన్ని తగలబెట్టారు. సరిహద్దు కొండ మీది ప్రేహ్ విహేర్ శివాలయం కంబోడియాదేనని అంతర్జాతీయ న్యాయస్థానం 1962లోనే తీర్పిచ్చినా గొడవ చల్లారలేదు. 2025 జూలైలో సరిహద్దు పొడవునా ఫిరంగులు పేలాయి, ఫైటర్ విమానాలు దాడి చేశాయి, లక్షలమంది ఊళ్లు వదిలి పరుగెత్తారు. డిసెంబరులో మళ్లీ అదే జరిగింది. రోడ్డు మీదుగా పోయిపెట్ దగ్గర దాటొచ్చని పాత బ్లాగులు చూసి ప్లాను వేసుకునేవాళ్లకు ఇక్కడ చరిత్ర తెలియడమంటే దారి తెలియడమే.

కంబోడియా వెళ్లే తెలుగువాళ్లంతా యాత్రికులు కారు. డేటా ఎంట్రీ ఉద్యోగమని ఏజెంట్లు చెప్పిన మాట నమ్మి వెళ్లి, సైబర్ మోసాల ముఠాల చేతిలో బందీలైన యువకుల కథ 2024 మే నెలలో విశాఖ పోలీసులు బయటపెట్టారు. పాస్‌పోర్టులు లాక్కుని, మన దేశంలోని వాళ్లనే ఫోన్లలో మోసం చేయించేవారు. సిహనూక్‌విల్ అనే రేవు పట్టణం జూదశాలలతో, వాటి వెనక పుట్టిన మోసపు కాంపౌండ్లతో ఎలా నిండిపోయిందో అంతకు చాలాముందు నుంచే పత్రికల్లో వస్తోంది. ఉద్యోగానికి వెళ్లే కుర్రాడికి అంకోర్‌వాట్ చరిత్ర అక్కర్లేకపోవచ్చు. ఆ ఊరి పేరు ఒకసారి వెతికి చూసుకునే అలవాటు మాత్రం కావాలి. ఏజెంటు చేతిలో డబ్బు పెట్టేముందు ఆ పని చేయమని చెప్పే మనిషి ప్రతి మండలంలో ఒకరుంటే బాగుండేది.

ఇక ఎప్పుడు వెళ్లాలన్న విషయం. స్కూళ్లకు సెలవులు కాబట్టి మన కుటుంబాలు దసరాకు విదేశీ టూర్లు పెట్టుకుంటాయి. దసరా నవరాత్రులకు ముందు మనకు మహాలయ పక్షం, పితృదేవతలకు పిండాలు పెట్టే పదిహేను రోజులు. దాదాపు అవే రోజుల్లో కంబోడియాలో ప్చుమ్ బెన్ జరుగుతుంది. యముడు ఆ పదిహేను రోజులు నరకం తలుపులు తెరుస్తాడని, సూది బెజ్జమంత నోళ్లున్న ప్రేతాలు ఆకలితో తమవాళ్లను వెతుక్కుంటూ గుళ్లకు వస్తాయని, ఏడు గుళ్లు తిరిగినా తమ పేరు మీద ముద్ద దొరకకపోతే శపిస్తాయని నమ్మకం. నువ్వులు కలిపిన అన్నం ముద్దలు పట్టుకుని తెల్లవారకముందే గుడి చుట్టూ తిరుగుతూ చీకట్లోకి విసురుతారు. వెలుతురు వస్తే ప్రేతాలు తినలేవు. పోయినవాళ్ల పేర్లు రాసిచ్చి భిక్షువుల చేత చదివిస్తారు. 1975కూ 1979కీ మధ్య పోయినవాళ్లు ఎక్కడ పోయారో, ఏ రోజు పోయారో చాలా ఇళ్లలో తెలియదు. తిథి తెలియని ఆ మనుషులకు ఏటా దక్కేది ఈ ముద్దే.

చివరి మూడు రోజులు దేశమంతా సెలవు. నామ్ పెన్ సగం ఖాళీ అవుతుంది, జనమంతా సొంతూళ్లకు బయల్దేరతారు, బస్సులు నిండిపోతాయి, చిన్న హోటళ్లు మూసేస్తారు. బౌద్ధుల పర్వదినాల్లో అంకోర్‌వాట్‌లోని పై అంతస్తుకు యాత్రికుల్ని ఎక్కనివ్వరు కూడా. ఆ తేదీల్లో చవగ్గా వచ్చిందని ప్యాకేజీ కొనేవాళ్లు ఒకసారి కంబోడియా క్యాలెండరు తెరిచి చూసుకోవాలి. లేదంటే కావాలనే ఆ రోజుల్లోనే వెళ్లి, ఒక్కపూట తెల్లవారుజామున నాలుగింటికి అలారం పెట్టుకుని, భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకుని దగ్గర్లోని చిన్న గుడికి వెళ్లి, కెమెరా జేబులో పెట్టుకుని ఓ పక్కన నిలబడాలి.